చీపురుపుల్ల కొలత

మధ్యాహ్నం రెండు దాటాక మా దుకాణంలోకి ఎండ వస్తుంది. కొనడానికి కాదు, ఊరికే చూసిపోవడానికి. మూడు పలకరాతి మెట్లెక్కి, గడప దాటి, బల్ల మీదుగా పాకి, వెనక గోడకు తగిలించిన పైపుల మీద వాలుతుంది. సన్నని కవర్లలో ఉన్న ఆ పైపులు అప్పుడు ఒక్కసారిగా వెలుగుతాయి. ఫ్యాను గాలికి సరసరమని కదులుతాయి. మార్కాపురం మొత్తం అన్నం తిని కునుకు తీసే ఆ వేళలో, కళ్ళు సగం మూసుకొని చూస్తే, అవి కంభం చెరువు అడుగున ఊగే నాచులా ఉంటాయి. నేను ఒడ్డున కూర్చొని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నట్టు ఉంటుంది. ఇంతలో ఎవరో వచ్చి గొంతు సవరించుకుంటారు. కాళ్ళు నీళ్ళలోంచి తీసి చెప్పుల్లో పెట్టుకుంటాను.

అవి మూత్రం పైపులు. మాది సర్జికల్ సామాన్ల దుకాణం. నేను అందులో సేల్స్‌మ్యాన్‌ని. అంతకుముందు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాణ్ణి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి, ఊరూరి పిల్లలు రాసుకోవడానికి పలకలు కోసి పంపాను. నేను రాయకుండా మిగిల్చిన అక్షరాలు ఎవరో ఒకరు రాయాలి కదా. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకున్నాక శెట్టిగారి దగ్గర చేరాను. ఆయన మా దుకాణం యజమాని. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న.

"కొలతలు తెలుసునా అబ్బయా నీకు?"

"పలకలు కోసినోణ్ణి సామీ. వెంట్రుకవాసి తేడా రాదు."

రాకుండా ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

మా వైపు ఈ వస్తువును ఎవరూ పేరు పెట్టి అడగరు. గిద్దలూరు నుంచి వచ్చినా, కురిచేడు నుంచి వచ్చినా పద్ధతి ఒకటే. ముందు దూది అడుగుతారు. తరువాత కట్టుగుడ్డ అడుగుతారు. తరువాత బయట రోడ్డు వైపు తిరిగి వాన వస్తుందా రాదా అని ఆలోచిస్తారు. దుకాణంలో మిగతావాళ్ళంతా వెళ్ళిపోయాక చీటీ తీసి, బల్ల మీద బోర్లా పెట్టి, "అదే... ఆ పైపు" అంటారు. ఎవరికని మనం అడగకూడదు. వాళ్ళు చెప్పరు. డాక్టరు రాసిన చీటీలో పైపు లావు ఎంతో అంకె ఉంటుంది. పొడుగు ఉండదు. లావు డాక్టరు చేతిలోది, పొడుగు నా చేతిలోది. ఎనిమిదో తరగతి దాటనివాడి చేతిలో దేవుడు ఎంత పెద్ద పని పెట్టాడో చూడండి.

చేరిన కొత్తలో ఒకాయన బెలూన్ పైపు అని రాసిన చీటీతో వచ్చాడు. బెలూన్ పైపు అంటే, లోపలికి వెళ్ళాక కొసన చిన్న బుడగ ఉబ్బి జారిపోకుండా ఆపేది. ఎవరికో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చేతికందిన పొట్టిది ఇచ్చి పంపాను. గంట తిరక్కుండా నర్సింగ్ హోమ్‌లో పనిచేసే పెద్ద సిస్టరు నుంచి కబురు వచ్చింది, ఉన్నపళంగా రమ్మని. వెళ్ళాను. కవరు విప్పని పైపును నా ముక్కు ముందు ఊపింది.

"ఇది ఎవరికిచ్చినావు?"

"చీటీ తెచ్చినాయనకి."

"పెట్టేది ఆయనకి కాదు, వాళ్ళ నాయనకి. ఇది ఆడోళ్ళది." సిస్టరు తన చేతినే స్కేలుగా పెట్టి చూపించింది. "ఆడోళ్ళ దారి రెండు వేళ్ళంత. మగోళ్ళ దారి జానెడు. ఈ పొట్టిది మగాయనకి పెడితే, బయటుండే కొస పోను, దారి మధ్యలోనే అయిపోతాది. ఆ మధ్యలో బెలూను ఉబ్బించినామనుకో, లోపల చీలిపోయి రక్తం పడతాది. నేను చూసుకున్నా గాబట్టి సరిపాయ. ఇంకోసారి ఎవరికని అడక్కుండా పైపు ఇచ్చినావంటే దాన్ని తెచ్చి నీకే పెడతా."

ఆ మాట నాకు గురువు మంత్రంలా పనిచేసింది. ఆ రోజు పైపులన్నీ దింపి, కొలిచి, రెండు మేకులకు వేరువేరుగా తగిలించాను. ఆడవాళ్ళవి జానెడు. మగవాళ్ళవి మూరెడుకు కొంచెం తక్కువ. సెంటీమీటర్లు కవరు మీదే ఉన్నాయి గాని, నాకు చేతి కొలతే నమ్మకం. మా మెట్ల పక్కనే ఒకామె బండి మీద పూలు అమ్ముతుంది. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా మల్లెదండ కొలిచి తుంచే తీరు చూసి నేనూ అట్లాగే పైపు కొలిచేవాణ్ణి.

"నీదీ మూరే, నాదీ మూరే అక్కా" అంటే, "నావి తలలో పెట్టుకుంటారు. నీ యాపారం సంగతి నన్ను అడగొద్దు" అనేది.

ఇక ఎవరికని అడిగే ఉపాయం. 'ఆడవారికా మగవారికా' అంటే వచ్చినవాళ్ళు సిగ్గుతో నేల చూస్తున్నారు. ఒక మధ్యాహ్నం సగం కునుకులో నా నోట్లోంచి దానంతటదే వచ్చింది: "పంచెకా, చీరకా?" వచ్చిన పెద్దాయన ముందు తెల్లబోయి, తరువాత ఫక్కున నవ్వి, "పంచెకే నాయనా" అన్నాడు. అంతే. అప్పటినుంచి అదే నా కొలబద్ద. పంచెకంటే మూర, చీరకంటే జాన, లాగూకంటే పిల్లలది. జనం నవ్వేవారు, చెప్పేసేవారు, తీసుకొని వెళ్ళేవారు. శెట్టిగారు తన తోడల్లుడికి ఫోను చేసి మరీ ఈ మాట చెప్పారు. ఆ తోడల్లుడికి గిద్దలూరులో ఇట్లాంటిదే దుకాణం ఉంది. అక్కడా అదే అడగడం మొదలైందట. బడిలో నా పేరు ఎవరూ బోర్డు మీద రాయలేదు గాని, నా మాట రైలెక్కి గిద్దలూరు వెళ్ళింది.

ఆ రోజుల్లో పైపులు నాకు కలలోకి వచ్చేవి. భయపెట్టే కల కాదు. ఒక్కో పైపు తన కవరులోంచి జారి, మెట్లు దిగి, తన ఇల్లు వెతుక్కుంటూ పోయేది. ఒకటి తర్లుపాడు దారిలో కందిచేల మధ్య, ఒకటి పట్టాల వెంట. తలుపు తట్టి "పంచెకా, చీరకా" అని అడిగి లోపలికి వెళ్ళేది. ఒక్కటీ దారి తప్పేది కాదు. అది కల కదా మరి.

కంభం చెరువు కట్టవతల పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. పనికి వెళ్ళి వెళ్ళి ఎండిన చేతులు, చంకలో గుడ్డసంచి. ఆసుపత్రిలో ఇచ్చిన పొట్టివి అయిపోయాక, కోడలి కోసం మా దగ్గర పైపులు తీసుకెళ్ళేది. మొదటిసారి నేను అడగగానే "చీరకే నాయనా" అంది. చీటీలోని అంకె లావులో, బెలూన్ లేని జానెడువి ఇచ్చాను. రెండు నెలలు అట్లాగే సాగింది. మూడోసారి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక చీపురుపుల్ల తీసి బల్ల మీద పెట్టింది.

మా వైపు ఇంట్లో కదలలేని మనిషికి చెప్పులు కొనాలంటే, పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా తుంచి, ఆ పుల్లను దుకాణానికి తెస్తారు. పుల్ల అబద్ధం చెప్పదు. ఈ పుల్ల మాత్రం ఏ పాదానికీ సరిపోయేది కాదు. జానెడున్నర ఉంటుంది.

"ఇంత పొడుగుది గావాలంట నాయనా మా కోడలికి."

దుకాణంలో నలుగురున్నారు. నలుగురుంటే నా నోరు ఊరుకోదు. అది నా పుట్టుమచ్చ.

"ఏంది పెద్దమ్మా, మీ కోడలు తాడిచెట్టా? ఇది పంచెల కొలత. చీరకి ఇంత పొడుగుది ఎవరన్నా అడుగుతారా?"

నలుగురూ నవ్వారు. నేను ఇంకా పైకెక్కాను. "పట్టు చీరకైనా ఇంత అక్కర్లే. నేను చెప్పేది విను పెద్దమ్మా, మీ కోడలు పొరపాటు పడింది. పొడుగుది ఇస్తే సిస్టరమ్మ నన్ను చంపుతాది."

పెద్దమ్మ నవ్వలేదు. నేనిచ్చిన పొట్టి పైపులు సంచిలో వేసుకొని, పుల్ల అక్కడే వదిలేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ మూడు మెట్లూ దిగడానికి ఆమెకు చాలాసేపు పట్టినట్టు గుర్తు. బయట పూల బండి అక్క నా వైపు చూసి, మల్లెదండల మీద రోజూ కంటే గట్టిగా నీళ్ళు చల్లింది.

"ఏందక్కా?"

"ఏం లేదు. నవ్విచ్చినావుగా, చాల్లే."

పుల్లను పారేయబోయి ఎందుకో గోడకు, రెండు మేకుల మధ్య దోపాను. మరునాడు ఎండ వచ్చినప్పుడు పైపులన్నీ వెలిగాయి. పుల్ల వెలగలేదు. వెలిగేవాటి మధ్యలో వెలగనిదాని మీదికే చూపు పోతుందని నాకు అప్పుడే తెలిసింది. కునుకు పట్టలేదు.

వారం తిరగకుండా ఒక పగలు మా దుకాణం ముందు ఆటో ఆగింది. ఎవరూ దిగలేదు. లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"తాడిచెట్టు వచ్చింది తమ్ముడూ. మెట్లెక్కలేదు. నువ్వే దిగి రా."

దిగాను. ఆ మూడు మెట్లు దిగడానికి నాకూ చాలాసేపు పట్టింది. ఆటోలో పెద్దమ్మ పక్కన ఆమె కోడలు కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటుందేమో. నడుము నుంచి కింద దాకా దుప్పటి. వెనకవైపు మడతకుర్చీ, చక్రాలది, తాడుతో కట్టి ఉంది. ముఖంలో కోపం లేదు. నన్ను చూసి నవ్వుతోంది. కోపంగా ఉంటే బాగుండేది.

"జోకు చెప్పు, విందామని వచ్చినా."

నేను రోడ్డు వైపు తిరిగి వాన వస్తుందా రాదా అని చూశాను.

"సరే, నేనే చెప్తా. మిరపకాయలు కొయ్యనీకి పోతా ఆటో బోల్తా పడినాది. అందరూ లేచినారు, నేను లేయలేదు. నడుం కింద తెలీదు నాకు. మూత్రం వచ్చేదీ తెలీదు. పొద్దుకు నాలుగుసార్లు నా చేత్తో నేనే పైపు పెట్టుకొని తీసుకుంటా. ఇంతవరకు అర్థమాయెనా?"

"ఆయె అక్కా."

"నీ జానెడు పైపు నడిచిపోయి దొడ్లో కూచునే ఆడోళ్ళకి. నేను కూచునేది కుర్చీలో. పైపు కొస కుర్చీ అంచు దాటితే గదా కింద సీసాలో పడేది? దాటదు. చీరంతా తడుస్తాది. అందుకే నా కాణ్ణించి సీసా మూతి దాకా పుల్ల పెట్టి తుంచి పంపినా. చీర సంగతి అడిగినావు గాని, ఆ చీర యాడ కూచోనుందో అడగలేదు నువ్వు."

పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ, "వచ్చే ఆదివారం మా గుడిలో కోతల పండగ నాయనా" అంది. పంట చేతికొచ్చాక చర్చిలో చేసే పండగ అది. కందులు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరి చేతనైంది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. "పెళ్ళయి వచ్చినప్పటినించి ఆ రోజు పాట ఎత్తేది మా కోడలే. పడినాక పోలేదు. పోయినేడు ఒక్కసారి తీసకపోయినా..."

"నేను చెప్తా అత్తా" అని కోడలు ఆపింది. "మూడు గంటలు పడతాది ఆరాధన. మధ్యలో పాస్టరుగారి గదిలోకి పోయి పైపు పెట్టి తీసుకున్నా. తడిసినాది. ఇంక బయటికి రాలేదు. లోపల కూచొని, నా పాట ఇంకొకరు పాడతా ఉంటే విన్నా. జనం ఇంటికి పొయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నా. ఈసారి గూడా అట్లయితే ఇంక నేను గుడి గడప తొక్కను తమ్ముడూ. సంఘమోళ్ళు ఏమన్నా అంటారని కాదు. అనరు. ముక్కు అటు తిప్పుకుంటారు, అంతే."

నాకు అక్కడికక్కడ పొడుగుది ఇచ్చేయాలనిపించింది. కాని పాత భయం పట్టుకుంది. ఆటో పక్కనే నిలబడి సిస్టరుకు ఫోను చేశాను.

"ఆడోళ్ళు పొడుగుది వాడొచ్చునా సిస్టరమ్మా?"

"వాడొచ్చు. మూత్రం రాంగానే ఇంకొంచెం పోనిచ్చి ఆపెయ్యాల. మిగతాదంతా బయటే ఉంటాది. ఆడోళ్ళు మగోళ్ళది వాడొచ్చు, మగోళ్ళు ఆడోళ్ళది వాడగూడదు. లావు మాత్రం మార్చాకు. ఏం, కుర్చీలో మనిషా?"

"అవును. మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే గదా. పంచెలూ చీరలూ అమ్ముకుంటా ఉంటివి."

ఆమె దాకా వెళ్ళిందన్నమాట నా కీర్తి.

గోడ దగ్గరికి వెళ్ళి వెతికాను. పొడుగు పైపుల్లో లావువి ఉన్నాయి. ఆమె అంకె సన్నది. అది ఒక్కటీ లేదు. మార్కాపురంలో పొడుగుదంటే పంచెకే, పంచెకంటే లావుదే అని తెప్పించినవాణ్ణి నేనే. ఆటో దగ్గరికి తిరిగి వచ్చి, "శనివారానికల్లా తెచ్చిస్తా అక్కా. ఇంటికే తెస్తా" అన్నాను.

"పుల్ల ఉందా, పారేసినావా?"

"ఉంది."

"అయితే తెస్తావులే."

శెట్టిగారి తోడల్లుడి దుకాణంలో ఉన్నాయని తెలిసి, శనివారం పొద్దున గిద్దలూరు రైలెక్కాను. చొక్కా జేబులో పుల్ల. కిటికీలోంచి నల్లమల కొండలు నీలంగా, ఎవరో సగం తుడిచిన పలకలా కనిపించాయి. గిద్దలూరులో తోడల్లుడి దుకాణం బల్ల మీద పుల్ల పెట్టి, దాని పక్కన పైపు పెట్టాను. పైపు బెత్తెడు ఎక్కువ ఉంది. ఆయన నా వైపు చూసి, "పంచెకా, చీరకా?" అని కన్ను గీటాడు. "కుర్చీకి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేదాకా నేను కదలలేదు. ఒక మాటను రైలెక్కించి పంపడం తేలికే, వెనక్కి తెచ్చుకోవడానికి మాత్రం మనమే వెళ్ళాలి.

వెనక్కి వస్తూ కంభంలో దిగి షేరాటో ఎక్కాను. చెరువు ఆకాశాన్ని మొత్తం తనలోకి దింపుకొని పడుకుని ఉంది. కట్ట మీద పోతుంటే ఆటో నీళ్ళ మీద పోతోందో, మబ్బుల మీద పోతోందో తెలియలేదు. మధ్యాహ్నాలు దుకాణంలో నేను చూసే నాచు నిజంగానే ఆ అడుగున ఊగుతూ ఉంటుందనుకున్నాను. దిగి చూడలేదు. కొన్నిటిని చూడకపోవడమే మంచిది.

ఇంటి ముందు చక్రాల కుర్చీలో ఆమె కూర్చొని కందులు చెరుగుతోంది. కవరు అందుకొని, వెలుగుకు ఎత్తి పట్టుకొని చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పెద్దమ్మా నేనూ అరుగు మీద కూర్చున్నాం. కోడి ఒకటి వచ్చి నా చెప్పు పొడిచి, ఇది గింజ కాదని తేల్చుకొని వెళ్ళింది. ఆ కాసేపు ఎంత పొడుగుందో చెప్పడానికి నా దగ్గర జానా లేదు, మూరా లేదు.

తలుపు తెరుచుకుంది. ఆమె చీర పొడిగా ఉంది. చేతిలో మూత బిగించిన సీసా, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"ఇంకా కాస్త మిగిలింది తమ్ముడూ. తాడిచెట్టుకి పొట్టిదేమో అనుకున్నా, సరిపాయ."

పెద్దమ్మ మొదటిసారి నవ్వింది. నేను మెట్ల దగ్గర చూసిన ముఖం అది కాదు.

ఆదివారం నాకు సెలవే. నేను ఆ గుడికి చెందినవాణ్ణి కాదు, అయినా వెళ్ళాను. గేటు దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాను. లోపల జనం. కందుల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన పుంజులు. ముందు వరుసలో తెల్ల చీరలో కుర్చీ మీద ఆమె. ప్రార్థన అయింది, పాస్టరుగారి వాక్యం అయింది. సగం దాటాక ఆ కుర్చీ వెనక్కి తిరిగింది. చక్రాలు పక్కనున్న పాస్టరుగారి గది వైపు వెళ్ళాయి. పెద్దమ్మ తలుపు మూసి, ముందు నిలబడింది. గుడిలో కానుకలు పట్టడం మొదలైంది. డప్పు సర్దుకుంటున్నారు. పాట ఎత్తేవాళ్ళ కోసం జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇంకొకామె గొంతు సవరించుకుంది. నేను ఆ తలుపును చూస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. తెల్ల చీర మీద ఒక్క మరక లేదు. ఆమె కుర్చీ తన చోటికి చేరకముందే, దారిలోనే, పాట ఎత్తింది.

ఆ పాటలో మాటలు నాకు సరిగా వినపడలేదు. గొంతు మాత్రం చెరువు మీద గాలిలా నన్ను దాటుకొని, కందిచేల మీదికి వెళ్ళింది. డప్పు వెనకాల పరిగెత్తి పట్టుకుంది. ఒక ముక్కూ అటు తిరగలేదు.

అంతా అయ్యాక పెద్దమ్మ నన్ను వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో పొట్లకాయ. కానుకల్లోంచి వేలంలో పాడుకున్నదట. నిలబెడితే నా భుజం దాకా ఉంది.

"మా కోడలు నీకు ఇమ్మనింది."

"ఇంత పొడుగుదా పెద్దమ్మా? మా ఇంట్లో ఇద్దరమే."

"ఎంత గావాలో కొలిచి తీసుకోమనింది" అని, పెద్దమ్మ కొంగులోంచి ఇంకో చీపురుపుల్ల తీసి నా చేతిలో పెట్టింది.